తక్కువ రకం పాట

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. ఒత్తులు నాకు ఇప్పటికీ లొంగవు. ఒక పేజీ రాయాలంటే ఒక పూట పడుతుంది. మధ్యలో కుక్కర్ కూత పెడితే ఎక్కడ ఆగానో వెతుక్కోవడానికి ఇంకాస్త పడుతుంది. వేలిముద్ర వేసే వయసంతా గడిచిపోయాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. మా కాలనీ మహిళా సంఘంలో రమ్యశ్రీ టీచర్ సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పింది. నోటి మాట వేరు, కాగితం మీది మాట వేరు అని చెప్పింది కూడా ఆమే. అందుకే కథ చెప్పేటప్పుడు కాగితం మాట రాస్తున్నాను. మనుషులు మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్ల మాట వాళ్లకే వదిలేశాను.

ఇది పోయిన వానాకాలం సంగతి.

మా వైపు అత్త అల్లుడి ఎదురుగా కుర్చీలో కూర్చోదు. అతని మొహం చూసి మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే బిడ్డతో చెప్పిస్తుంది. మా ఆయన సంగయ్య పోయాక నా బిడ్డ ప్రేమలత నన్ను గుమ్మడిదల నుంచి బీరంగూడకు తెచ్చుకుంది. వచ్చిన రోజే నా చోటు నేను చూసుకున్నాను. వంటింటి గడప. అక్కడ పీట వేసుకుంటే ముందుగదిలో టీవీ సగం కనిపిస్తుంది, కుడివైపు సగం. చాలా సినిమాల్లో నేను హీరోను చూశాను గాని అతను ఎవరితో మాట్లాడుతున్నాడో చూడలేదు.

అల్లుడు సునీల్‌కుమార్ ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేస్తాడు. మంచివాడు. తాగడు, అరవడు. అతనికి ఒకటే పిచ్చి, బొమ్మ సాఫ్‌గా ఉండాలి, సౌండు గట్టిగా ఉండాలి. పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి టీవీ కింద పెట్టాడు. సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు అన్నీ దాంట్లో వేసి, వాటిని సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాడు. టీవీ పెట్టగానే అన్నీ బొమ్మలతో వరుసగా కనిపిస్తాయి, చీరల దుకాణంలో గాజు అద్దం వెనక ఉన్నట్టు. ఫోన్లో కూడా అవే కనిపిస్తాయి. కావలసినవి ఫోన్లోకి దింపుకోవచ్చు.

ఆ వరుసలో నా పాటలు కూడా ఉండేవి. నా పాటలంటే నేను పాడినవి కావు, మా ఆడబిడ్డ రాజవ్వ పాడినవి. సంగయ్యకు అక్క, నాకు వదిన. గుమ్మడిదలలో నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. అంతకు ముందటి ఏడు వానాకాలంలో ఆదివారాలు నేనూ నాటుకు పోయి, ఒడ్డు మీద నా చిన్న ఫోను పెట్టి ఆమె పాటలు పట్టుకొచ్చాను. ఫోన్లో జాగా అయిపోతే అల్లుడే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఫోను ఖాళీ చేసి ఇచ్చాడు. పేర్లు మాత్రం నేను కొట్టాను, ఒక్కో అక్షరం వెతికి. మొగులు పాట, అంటే మబ్బుల పాట. పొద్దు పాట. నారుకట్ట పాట. జోకుల పాట. నా జీవితంలో నేను పేరు రాసి పెట్టుకున్న మొదటి ఆస్తి అదే.

ఒక ఆదివారం సునీల్ ముందుగదిలో కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్‌ను తిప్పుతున్నాడు. నేను గడప ఇవతల కొత్తిమీర తుంచుతున్నాను.

"ప్రేమా, మీ అమ్మకు చెప్పు," అన్నాడు. "ఇయాల్టి సంది మనింట్ల తక్కువ రకం బొమ్మ, తక్కువ రకం సౌండు ఉండది. గీత గీసిన. గీత మీదున్నది ఉంటది, కిందున్నది పోతది."

"నేనెందుకు చెప్పుడు? నీ గొంతు పటాన్‌చెరు బస్టాండ్ల ఇనబడ్తున్నది," అంది ప్రేమలత ఉల్లిగడ్డ కోస్తూ.

"ఒకటే పేరుతోని రెండుంటే, మంచి రకంది ఉంచుకొని పాతదాన్ని అదే తీసేస్తది. డిస్కు నిండింది మరి. అత్తమ్మకు ఏమన్న అభ్యంతరముంటే చెప్పుమను."

నా పాటలు కూడానా? ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అల్లుడిని ఎదురు ప్రశ్న ఎట్లా అడుగుతాను? కొత్తిమీర కడిగాను. కడిగిందే మళ్లీ కడిగాను.

"ఏమంటలేదు," అంది నా బిడ్డ.

"అయితే సరే అన్నట్టే." ఏదో నొక్కాడు. "ఇంకోటి చెప్పు. ఆమె కోసమే తెచ్చిన. మీ రాజవ్వత్త పాటలు గా పాటల చానల్ పోరగాండ్లు ఊరికొచ్చి నేర్చుకపోయి స్టూడియోల పాడిచ్చిన్రు గదా, అవన్నీ దింపిన. ఫస్టు రకం సౌండు. అత్తమ్మ ఖుష్ అయితది."

నేను తల ఊపాను. గడప అవతలికి నా తల కనిపించదని తర్వాత గుర్తొచ్చింది.

*

ఆ ఏడు వానలు పడే ముందే రాజవ్వకు గొంతులో గడ్డ తీశారు. ప్రాణానికి భయం లేదన్నారు గాని, నాట్లయిపోయేదాకా గొంతు పెంచొద్దని గట్టిగా చెప్పారు. పెంచుదామన్నా రాలేదు. పొయ్యిలో తడి కట్టె పెట్టినట్టు బుసబుస తప్ప మాట లేదు.

పాట లేని నాటు ఎట్లా ఉంటుందో పొలం చూడనివాళ్లకు చెప్పాలి. ఆడవాళ్లు వరుసగా నిలబడి, ఎవరి పట్టీ వాళ్లు వేసుకుంటూ వెనక్కి నడుస్తారు. ఆ పట్టీని మేం మునుం అంటాం. ముందు పాడే మనిషి పాట ఎత్తగానే కట్టలోంచి నారు తీయాలి. గుంపు వంత పాడగానే బురదలోకి గుచ్చాలి. ఎత్తుకు తీసుడు, వంతకు గుచ్చుడు. అందరి చేతులు ఒక్కసారి కదులుతాయి, ఎవరి మునుం వెనకబడదు. పాట లేకపోతే ఒకామె ముందు, ఒకామె వెనక. ఒకామె నడుము పట్టుకుని ఆకాశం చూస్తుంది, ఇంకొకామె కోడలి మీద కథ మొదలుపెడుతుంది.

ఆ ఏడు అదే అయింది. నేను చూడడానికి వెళ్లిన రోజు పొలం ఆసామి సత్తయ్య పటేలు రాజవ్వ వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"గిట్ల నడిస్తే నారు ముదురుతది రాజవ్వా," అన్నాడు. "రోడ్డు అవతల జూసినవా? బీహారోళ్లకు గుత్తకిచ్చిన్రు. పొద్దుగాల దిగిన్రు, పొద్దుగూకే వరకు పొలం పచ్చగ జేసిన్రు."

రాజవ్వ ఏదో అనబోయింది. గాలి మాత్రమే వచ్చింది.

"మిమ్ముల ఇడిచిపెట్టాలని నాకు లేదు. మా నాయన కాలం సంది మీరే నాటేస్తిరి. గని ఒక్కసారి గుత్తోళ్లు అలవాటయితే ఇగ మిమ్ముల ఎవరు పిలుస్తరు? నేనైన పిలుస్తనా? ముందుగాల చెప్తున్న, తర్వాత నన్ననొద్దు."

వాకిట్లో గుంపు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఊడ్చే పనికి పోయి, వయసు అడిగి వెనక్కి పంపితే వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లకు ఈ పొలమే మిగిలింది.

"పాట నేను తెస్త పటేలా," అన్నాను.

రాజవ్వ నా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది. చెవిలో బుసకొట్టింది. "నువ్వు పాడుతవా దేవమ్మా? నువ్వు గొంతెత్తితే నారే గాదు, దున్నిన ఎడ్లు గూడ ఒడ్డెక్కి ఉరుకుతయి."

"నా గొంతు గాదు వదినె. నీదే. మా ఇంట్ల భద్రంగ పెట్టిన."

*

ప్రేమలతతో అడిగించి అల్లుడి గుండ్రటి స్పీకరు తీసుకున్నాను. వంటింట్లో కూర్చుని ఫోన్లో పేర్లు చదువుకుంటూ ఒక్కొక్కటి దింపుకున్నాను. మొగులు పాట, ఉంది. పొద్దు పాట, ఉంది. పెట్టి వినలేదు. అల్లుడు ఇంట్లో ఉండగా అత్త పాటలు మోగించుకుంటుందా? బస్సులో అసలే పెట్టలేదు.

పొలంలో గుంపు వరుసగా దిగింది. రాజవ్వ తలకు కొంగు చుట్టుకుని ఒడ్డు మీద కూర్చుంది. నేను గంప బోర్లించి, దాని మీద స్పీకరు పెట్టి, "మొగులు పాట" అని చదివి నొక్కాను.

డప్పులు. డప్పుల మీద ఇంకేవో డప్పులు. దానిమీద సన్నాయో కీబోర్డో. పక్క చేనులో కొంగలు లేచిపోయాయి. తర్వాత ఒక పడుచుపిల్ల గొంతు, అద్దంలాంటి గొంతు, మా రాజవ్వ పాటను అందుకుని ఉరుకులు పెట్టింది.

"ఎత్తుండ్రి, ఎత్తుండ్రి!" అని అరిచింది సంగమ్మ. గుంపులో ఆమెకే దూకుడెక్కువ. చేతులు ఎగిరాయి. ఆ పాట ఆగనిస్తేనా? వంతకు చోటే లేదు. గుచ్చే లోపల మళ్లీ తీయాలి. కొంతసేపు అందరూ నవ్వుకుంటూ వేశారు. తర్వాత వెనక్కి చూస్తే వేసిన నారు వేసినట్టే నీళ్ల మీద తేలుతూ ఒడ్డుకు వస్తోంది.

సత్తయ్య పటేలు ఒడ్డు వెంట వచ్చాడు. తేలుతున్న నారు చూశాడు, స్పీకరు చూశాడు.

"ఇది నాటా, పెళ్లి బారాతా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నేను స్పీకరు ఆపాను. రెండోది పెట్టి చూశాను, మూడోది పెట్టి చూశాను. అన్నిటిలో ఆ పిల్లే. అన్నిటిలో ఆ డప్పులే. ఫోను బురదలో పడుతుందేమోనని రొమ్ముకు ఆనించుకున్నాను.

రాజవ్వ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "పిల్ల మంచిగనే పాడింది," అంది గాలి గొంతుతో. "గని గీ పిల్ల ఎన్నడు బురదల దిగలే." నా ఫోను వైపు చూసి అడిగింది. "నా పాటేది?"

"ఇగో, పెద్దమడి మిగిలింది," అన్నాడు పటేలు. "ఆదివారం దాక ఆగుత. ఆ దినం పొద్దుగూకే లోపల పెద్దమడి మొత్తం నాటేస్తే మిగిలినవి గూడ మీవే. లేకుంటే గుత్తే."

*

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. సునీల్ సోఫాలో కూర్చుని ఏదో సినిమాలో కారు పేలే చోట మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి సౌండు చూసుకుంటున్నాడు. నా గోళ్లలో బురద ఇంకా అట్లాగే ఉంది. కాళ్లు కడుక్కున్నాను. వంటింటి వైపు పోవాలి. పోలేదు.

ముందుగదిలోకి వెళ్లి సోఫా ఇంకో చివర కూర్చున్నాను.

సునీల్ లేచి నిలబడ్డాడు. పాపం, అతనికి ఏం చేయాలో తెలియలేదు. గరిటె పట్టుకుని ప్రేమలత గడపలోకి వచ్చి, నా పీట దగ్గర ఆగిపోయింది.

"సునీలూ," అన్నాను, "నా పాటలేవి?"

పెళ్లయిన ఇన్నేళ్లలో అతని పేరు నా నోట రావడం అదే మొదలు.

"గవే గదా అత్తమ్మా... ఉన్నయి గదా..."

"ఉన్నయి నావి గావు. పేర్లు నావి. పాటలు నావి గావు."

అతను టీవీ వైపు తిరిగాడు. పేలే కారు పోయి వరుసలు వచ్చాయి. ఏదో తెరిచాడు, కిందికి కిందికి పోయాడు. చూస్తుండగానే అతని భుజాలు కిందికి జారాయి.

"తీసేసింది," అన్నాడు మెల్లగా. "పేరు ఒకటే ఉన్నది. నేను దింపినవి మంచి రకం. మీవి గీత కింద ఉండె. అదే మార్చేసింది. నేను..." ఆపేశాడు. "అత్తమ్మా, నేను మీకు సంబురమైతదని దింపిన."

"నాకెరుకే బిడ్డా. నువ్వు అడిగినవు, నేను చెప్పకపోతి. ఇప్పుడు దొరుకుతయా, లేదా?"

"తీసేసినవి కొన్నాళ్లు చెత్తబుట్టల ఉంటయి. ఖాళీ కాకుంటే..." వెతికాడు. ప్రేమలత పొయ్యి మీద ఏదో మాడుతున్నా కదలలేదు. "ఉన్నయి. ఉన్నయి! జోకుల పాట ఒక్కటి లేదు. మిగిలినయన్ని ఉన్నయి. ఇగో, లోపల పెట్టేస్తున్న."

"ఆగు. ఇప్పుడు పెడితే మళ్ల తీసేయదా? గీత గట్లనే ఉండె గదా."

సునీల్ రిమోటు పట్టుకున్న చెయ్యి ఆగింది. నా వైపు చూశాడు, సూటిగా, అతను కూడా మొదటిసారే. "అవ్," అన్నాడు. "తీసేస్తది."

"అయితే గా గీత నాకు చూపియ్యి."

అదంతా ఇంగ్లీషులో ఉంది. అతను ఏదో నొక్కితే సగం మాటలు తెలుగులోకి వచ్చాయి, సగం రాలేదు. వచ్చినవి చదవడం మొదలుపెట్టాను. క, నీ, స. కనీస. నా, ణ్య, త. ఆ ణ్య దగ్గర చాలాసేపు ఆగాను.

"అమ్మా, జల్దీ," అంది ప్రేమలత. "అన్నం చల్లారుతున్నది."

"చదవనియ్యి," అన్నాడు సునీల్.

చదివాను. కనీస నాణ్యత ఎంత ఉండాలో ఒక చోట. ఇంతకన్నా మంచిది దొరికితే పాతదాన్ని మార్చాలా అని ఒక చోట, పక్కన టిక్కు. శబ్దాన్ని సమం చేయాలా అని ఒక చోట, అక్కడా టిక్కు. ఇన్నాళ్లూ గడప ఇవతల నుంచి నేను విన్న గీత ఇదన్నమాట. ఇంత చిన్న గడులు.

"గా గీత తీసెయ్యి," అన్నాను.

"అత్తమ్మా, మొత్తం తీసేస్తే సినిమాలు ఖరాబైతయి," అన్నాడు. అతని పిచ్చి అతనిది. "చెత్తంత జమ అయితది. డిస్కు ఆగది."

"నీ సినిమాలకు నీ గీత ఉంచుకో. నా పాటలకు నేను గీసుకుంట. వేరేవేరే పెట్టనీయదా అది?"

పెట్టనిస్తుంది. ఆ సంగతి అతనికే తెలుసు, నాకు కాదు. "ఇంటివి" అని కొత్త అర ఒకటి చేశాడు. రిమోటు నా చేతికిచ్చి, ఎక్కడ నొక్కాలో వేలితో చూపిస్తూ పోయాడు. కనీస నాణ్యత దగ్గర "ఏదైనా" అని పెట్టాను. మార్చాలా అన్నచోట టిక్కు తీసేశాను. అప్పుడు అతను చెత్తబుట్టలోంచి మొగులు పాట తీసి అందులో పెట్టి, మోగించాడు.

గరగర. గాలి. ఎక్కడో లారీ హారను. సునీల్ మొహం ముడుచుకుంది, దాచుకోలేకపోయాడు. ఆ గరగరలోంచి మా రాజవ్వ ఎత్తుకుంది.

మొగులు దిగె మడిలోనికి ఓ వదినా
మోకాటి బంటి నీళ్లాయె ఓ వదినా

"గిది గాదు," అన్నాను. "ఏదో తేడా ఉన్నది. మా వదినె ముందు, గుంపు ఎనుక ఉండాలె. ఇప్పుడు అందరు ఒక్కతాన్నే నిలబడి అరుస్తున్నరు."

సునీల్ తల వంచి విన్నాడు. ఆ వినడం నాకు తెలుసు. మిషన్‌కు చెవి ఆనించేవాళ్లు అట్లా వింటారు. "సమం చేసుడు ఆన్ ఉన్నది," అన్నాడు. "పెద్ద గొంతును తగ్గిస్తది, చిన్నదాన్ని పెంచుతది. గందుకే." పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. "ఆ టిక్కు గూడ తియ్యిండ్రి."

తీశాను.

గది నిండా నీళ్లు వచ్చాయి. కాళ్లు బురదలోంచి లాగే చప్పుడు, గాజులు, నారు గుచ్చేటప్పుడు వేళ్లు చేసే బుడుక్కు బుడుక్కు. ముందు రాజవ్వ ఒక్కతే, నిటారుగా. ఆమె వెనక గుంపు, వంగి. ఆమె ఆగిన చోట వాళ్లు, వాళ్లు ఆగిన చోట ఆమె. మధ్యలో ఆమె పాట ఆపకుండానే తిట్టింది: "ఓ సంగమ్మా, కాలు జరుపే!"

ప్రేమలత పక్కున నవ్వి, కొంగు కళ్లకు అద్దుకుంది.

 సునీల్ కుడి పాదం నేల మీద లేస్తోంది, ఆనుతోంది. పాట అయిపోయాక అన్నాడు: "మంచి మోటరు నడిచినట్టున్నదత్తమ్మా. ఎక్కడ గూడ ఎచ్చుతగ్గు లేదు."

"ఆదివారం నాకు గీ స్పీకరు గావాలె," అన్నాను.

"గిది సరిపోదు. పొలంల గాలుంటది. మా దోస్తు దగ్గర పెద్దదున్నది, తెస్త. నేనే తోలుకపోత."

*

అత్త అల్లుడి బండి వెనక కూర్చుని కాలనీ దాటడం బీరంగూడలో ఎవరూ పట్టించుకోరు. గుమ్మడిదలలో అందరూ చూశారు. "ఏమే దేవమ్మా, అల్లుని బండెక్కినవు?" అని ఒకామె వాకిట్లోంచి అరిచింది. "ఎక్కిన, దిగుత గూడ!" అన్నాను. సునీల్ భుజాలు నవ్వుకు కదలడం వెనక నుంచి నాకు కనిపించింది.

పెద్దమడి దమ్ము చేసి, నీళ్లు నిలిచి, మొగులంతా అందులో పడి ఉంది. సత్తయ్య పటేలు ఒడ్డు మీద కుర్చీ వేయించుకున్నాడు. పక్క మడిలో ఎవరిదో గుత్త పని నడుస్తోంది. బీహార్ పిల్లలు ప్యాంట్లు మడిచి చకచకా వేస్తున్నారు. మా గుంపు వాళ్లను చూడనట్టు చూసింది.

సునీల్ స్పీకరును ఎత్తు మీద పెట్టి, గాలికి అడ్డం తిప్పి, నాకు ఫోను ఇచ్చాడు. "మీరే నొక్కుండ్రి," అన్నాడు.

నొక్కాను.

రాజవ్వ గొంతు మడి మీదుగా పోయింది. ఒడ్డు మీద కూర్చున్న రాజవ్వ తన గొంతు తనకు వినబడి అదిరిపడి, ఎవరో వెనక నిలబడి పాడుతున్నట్టు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మళ్లీ ముందుకు తిరిగింది. చెయ్యి మెల్లగా పైకి లేచింది, పాట ఎత్తేటప్పుడు లేచినట్టే.

గుంపు నారు తీసింది. వంత వచ్చింది. స్పీకరులో వంత, దాని మీద మడిలో వంత, నిరుటి వాళ్లు, ఈ ఏటి వాళ్లు, అందరూ ఒకళ్లే. వేళ్లు దిగాయి. ఒక్క నారు తేలలేదు.

కొంచెం పోయాక స్పీకరులోంచి తిట్టు వచ్చింది: "ఓ సంగమ్మా, కాలు జరుపే!"

మడిలో సంగమ్మ ఉలిక్కిపడి కాలు జరిపింది.

ఇంకేముంది, నడుములు పట్టుకుని నవ్వారు. "నిరుడు తిట్టిన తిట్టుకు ఇయాల జరిపినవా!" అంటే, "ఇయాల గూడ నా కాలు గక్కడనే ఉండె, ఏం జేయాలె!" అంది సంగమ్మ. నవ్వుతూనే వేశారు. నవ్వుకు కూడా పాట ఆగలేదు కాబట్టి చెయ్యి ఆగలేదు. పాట అయిపోతే నేను మళ్లీ పెట్టాను. పొద్దు పాట పెట్టాను. ఎండ నెత్తి మీదికి వచ్చినప్పుడు నేనూ చీర ఎగజెక్కి దిగి, సంగమ్మ పక్కన మునుం పట్టాను. ఫోను అల్లుడికి ఇచ్చాను.

మధ్యలో ఎప్పుడో గాలి తిరిగింది. పక్క మడిలో బీహార్ పిల్లలు వెనకబడ్డారో మాతో కలిశారో తెలియదు గాని, వాళ్ల చేతులు కూడా మా వంతకే దిగుతున్నాయి. వాళ్లలో ఒకడు నడుము ఎత్తి అరిచాడు: "అమ్మా, ఆవాజ్ థోడా బఢావో!"

సునీల్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఈసారి కనిపించింది. పెంచాడు.

పొద్దు ఇంకా రెండు బారలుండగానే చివరి కట్ట అయిపోయింది. ఒడ్డెక్కి వెనక్కి చూస్తే పెద్దమడి దువ్విన తలలా ఉంది. సత్తయ్య పటేలు కుర్చీలోంచి లేచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. వంగి ఒక నారు పట్టి లాగి చూశాడు. రాలేదు.

"ఇగ కింది మళ్లు గూడ మీవే," అన్నాడు. ఇంకో మాట కలిపాడు. "గా బారాతు పాట మాత్రం మళ్ల తేకుండ్రి."

గుంపు కేక పెట్టింది. ఆ కేక ఏ సాఫ్ట్‌వేర్ సమం చేసినా అణగదు.

రాజవ్వ నన్ను దగ్గరికి పిలిచి బుసకొట్టింది. "నేను గింత గట్టిగ పాడుదునా దేవమ్మా?"

"ఇంకా గట్టిగ పాడుదువు వదినె. నా ఫోన్ల తక్కువ రకంది దొరికింది, గంతే."

ఆమె నవ్వితే శబ్దం రాలేదు. కళ్లలోనే నవ్వింది. డాక్టరు అడ్డం చెప్పని నవ్వు.

సునీల్ తన ఖరీదైన ఫోనుతో ఆ రోజంతా మడి గట్టున బురదలో నిలబడి రికార్డు చేశాడు. బూట్లు పోయాయి. పోయిన జోకుల పాట మళ్లీ దొరకలేదు గాని, సంగమ్మ కాలు జరిపిన పాట ఒకటి దొరికింది. ఇంటికి వచ్చాక అడిగాడు: "దీనికేం పేరు పెడ్దాం?" నేనే కొట్టాను: మొగులు పాట, రాజవ్వ, సత్తయ్య పెద్దమడి. పాట పేరు ఒక్కటే పెడితే సరిపోదని ఇప్పుడు నాకు తెలుసు. మా ఊళ్లో ఎవరి గొంతో చెప్పకపోయినా తెలుస్తుంది, కంప్యూటర్‌కు చెప్పాలి.

నాట్లయిపోయాక రాజవ్వ గొంతు సగం తిరిగి వచ్చింది. ఆ సగంతోనే ఇప్పుడు నన్ను తిడుతోంది, వచ్చే ఏడు నన్ను కూడా వంతలో నిలబెడతానంటోంది.

మొన్న సాయంత్రం సునీల్ కంప్యూటర్ ముందు కూర్చుని పిలిచాడు. ప్రేమలతను కాదు, నన్ను.

"అత్తమ్మా, సాఫ్ట్‌వేర్‌కు కొత్తది వచ్చింది. ఏవేవో గడులు మారుతయంట. ఎక్కియ్యాల్నా?"

"ఆగు బిడ్డా," అన్నాను. "ముందుగాల నన్ను చదవనియ్యి."

అతను పక్కకు జరిగాడు.

రాసినది: దేవమ్మ. వయసు అరవై ఒకటి. ఉండేది బీరంగూడలో, బిడ్డా అల్లుడి ఇంట్లో, ముందుగదిలో. ఇక్కడి నుంచి టీవీ మొత్తం కనిపిస్తుంది.